వేప్ పీల్చి ఊదితే మీటరులో ఏం కనిపిస్తుంది?

(రహదారి భద్రత సదస్సులో ఇచ్చిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. ప్రశ్న చిన్నదే. మందు ముట్టని మనిషి వేప్, అంటే ద్రవాన్ని వేడిచేసి ఆవిరిగా పీల్చే ఈ-సిగరెట్, పీల్చిన వెంటనే బ్రీత్ ఎనలైజర్‌లో ఊదితే రీడింగ్ వస్తుందా? వస్తుందని కొందరంటారు. పట్టుబడ్డవాళ్ళు చెప్పే సాకులే అవన్నీ అని ఇంకొందరంటారు. రెండు మాటల్లోనూ సగం సగం నిజం ఉంది.

జవాబు ముందే చెప్పేస్తాను. వేప్ వల్ల రక్తంలో ఆల్కహాల్ లెక్కలోకి వచ్చేంత పెరగదు. అయితే మీరు పీల్చిన లిక్విడ్‌లో ఆల్కహాల్ ఉంటే, దాని ఆవిరి నోట్లో, గొంతులో కొన్ని నిమిషాలు నిలుస్తుంది. ఆ నిమిషాల్లో ఊదిస్తే అంకె కనిపిస్తుంది. పదిహేను నిమిషాలు ఆగి ఊదిస్తే కనిపించదు. ఈ పదిహేను నిమిషాలు ఎందుకు, ఎవరు పాటించాలి, పాటించకపోతే ఏమవుతుంది అన్నదే ఇక మిగిలిన విషయం.

ముందు మీటరు సంగతి చూద్దాం. బ్రీత్ ఎనలైజర్ రక్తాన్ని కొలవదు. ఊపిరిని కొలిచి, రక్తంలో ఎంత ఉండొచ్చో లెక్కకట్టి చూపిస్తుంది. ఊపిరితిత్తుల అడుగున ఉండే గాలిగదుల్లో రక్తానికీ గాలికీ మధ్య పల్చటి పొర ఒక్కటే అడ్డం. రక్తంలోని ఆల్కహాల్ కొంత ఆ పొర దాటి గాలిలోకి వస్తుంది. 2100 మి.లీ. ఊపిరిలో ఎంత ఆల్కహాల్ ఉందో 1 మి.లీ. రక్తంలో అంత ఉంటుందని ఒక ప్రమాణం పెట్టుకున్నారు. మనిషిని బట్టి ఇది కొంత అటూ ఇటూ అవుతుంది గానీ, చాలా యంత్రాలు ఈ నిష్పత్తి మీదే నడుస్తాయి.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. మన దేశంలో పరిమితి 100 మి.లీ. రక్తానికి 30 మి.గ్రా. అంటే లీటరు రక్తానికి 300 మి.గ్రా. దాన్ని 2100తో భాగిస్తే లీటరు ఊపిరికి సుమారు 0.14 మి.గ్రా. వస్తుంది. మనిషి ఊదేది లీటరున్నర అనుకుందాం. సరిగ్గా పరిమితి దగ్గర ఉన్న మనిషి ఊదిన మొత్తం గాలిలో ఉండే ఆల్కహాల్ 0.21 మి.గ్రా. పావు మిల్లీగ్రాము కూడా లేదు. ఈ అంకె గుర్తుంచుకోండి, మళ్ళీ పని పడుతుంది. మీటరు వెతికేది ఇంత కొంచెం పదార్థాన్ని. అందుకే ఊపిరితిత్తుల నుంచి కాక నోటి నుంచి వచ్చే తడి, ఆవిరి ఏ కొంచెం కలిసినా లెక్క చెడిపోతుంది.

ఇక వేప్‌లో ఏముంటుంది? లిక్విడ్‌లో ప్రధానంగా ఉండేవి రెండు: ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్. పెళ్ళి స్టేజీల మీద పొగలు కక్కే ఫాగ్ మిషన్లలో పోసే ద్రవాలు కూడా ఈ జాతివే. వీటికి నికోటిన్, ఫ్లేవర్ కలుపుతారు. తంటా అంతా ఫ్లేవర్‌తోనే. సువాసన ద్రవ్యాలు చాలావాటిని ముందు ఇథనాల్‌లో కరిగిస్తారు. ఇథనాల్ అంటే మద్యంలో ఉండే ఆల్కహాలే, వేరే ఏదో కాదు. మామిడి, పుచ్చకాయ, పుదీనా, కాఫీ రుచుల ఎసెన్స్‌తో పాటు ఆ ఇథనాల్ కూడా లిక్విడ్‌లోకి వచ్చేస్తుంది. కొందరు తయారీదారులు ద్రవం పల్చబడటానికి విడిగానూ పోస్తారు.

ఎంత ఉంటుంది? అమెరికాలో వర్జీనియా కామన్వెల్త్ యూనివర్సిటీ పరిశోధకులు 56 రకాల రీఫిల్ లిక్విడ్లను పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించారు. కొన్నిట్లో ఇథనాల్ జాడ దొరకనంత తక్కువ. అన్నిటికంటే ఎక్కువ ఉన్నదాంట్లో మిల్లీలీటరుకు 206 మి.గ్రా. బరువు లెక్కన ద్రవంలో దాదాపు అయిదో వంతు అది. కాబట్టి "వేప్‌లో ఆల్కహాల్ ఉంటుందా" అని గుండుగుత్తగా అడిగితే జవాబు చెప్పలేం. ఏ సీసా, ఏ ఫ్లేవర్ అని అడగాలి.

ఆ ఎక్కువ ఉన్న సీసానే తీసుకుందాం. చిన్న పాడ్‌లో, అంటే ద్రవం నింపిన చిన్న గొట్టం ఉండే వేప్‌లో, ఒక దమ్ముకు ఆవిరయ్యే ద్రవం కొన్ని మిల్లీగ్రాములే. పెద్ద ట్యాంకు ఉన్న పరికరాల్లో 10 మి.గ్రా. దాటుతుంది. 10 అనుకోండి. అందులో అయిదో వంతు, అంటే 2 మి.గ్రా. ఇథనాల్. ఇందాకటి అంకె ఏమిటి? 0.21. పరిమితి దగ్గరున్న మనిషి నిండు ఊపిరిలో ఉండేదానికి దాదాపు పది రెట్లు ఒక్క దమ్ములో వచ్చిపడుతోంది. దాంట్లో ఎక్కువ భాగం నోటి తడిలో, గొంతు పొరల్లో, ఊపిరితిత్తుల తడిలో కరిగిపోతుంది. పొగ వదిలినప్పుడు కొంత బయటికి పోతుంది. అయినా మిగిలిన చిటికెడు చాలు. దమ్ము కొట్టి, పొగ వదిలి, వెంటనే మౌత్‌పీస్ నోట్లో పెట్టుకుంటే మీటరు 30 దాటినా ఆశ్చర్యం లేదు. ఇథనాల్ ఒక్క శాతమే ఉన్న లిక్విడ్ అయితే ఒక దమ్ముకు 0.1 మి.గ్రా. అప్పుడు రీడింగ్ వస్తే చిన్నది వస్తుంది, లేదా అసలు రాదు.

అదే ఇథనాల్ రక్తంలోకి వెళ్తే? ఇక్కడ లెక్క పూర్తిగా తిరగబడుతుంది. పది దమ్ములు వరసగా పీల్చాడనుకుందాం. మొత్తం 20 మి.గ్రా. మన దగ్గర దొరికే విస్కీ సాధారణంగా 42.8 శాతం. 60 మి.లీ. లార్జ్ పెగ్గులో ఇథనాల్ 20 గ్రాములు. గ్రాములకూ మిల్లీగ్రాములకూ తేడా గమనించండి. పది దమ్ములు కలిపితే ఒక పెగ్గులో వెయ్యో వంతు. ఒంట్లో ఉన్న 40 లీటర్ల నీటిలో ఆ 20 మి.గ్రా. కలిస్తే 100 మి.లీ.కి 0.05 మి.గ్రా. అవుతుంది. పరిమితి 30. ఇంకా చెప్పాలంటే కాలేయం గంటకు ఏడెనిమిది గ్రాములు ఖర్చు చేస్తుంది, దాని ముందు ఇదెంత? కనుక "నేను తాగలేదు సార్, రాత్రంతా వేప్ కొట్టాను, అందుకే రక్తంలో వచ్చింది" అంటే నిలబడదు. రక్త పరీక్షలో 30 దాటితే అది తాగడం వల్ల వచ్చినదే.

ఇక్కడ ఒక పక్క విషయం ఉంది. యేల్ యూనివర్సిటీ వాళ్ళు 2016లో 23.5 శాతం ఆల్కహాల్ ఉన్న లిక్విడ్‌నూ, 0.4 శాతం ఉన్నదాన్నీ యువకుల చేత పీల్పించి చూశారు. ఎక్కువ ఆల్కహాల్ ఉన్నది పీల్చినవాళ్ళకు మత్తెక్కినట్టు అనిపించలేదు గానీ, చేతివేళ్ళ చురుకుదనం పరీక్షలో తేడా కనిపించింది. కొందరి మూత్రంలో ఇథైల్ గ్లూకురొనైడ్ కూడా దొరికింది. ఒంట్లోకి ఆల్కహాల్ వెళ్ళిందనడానికి అది ఆనవాలు. మద్యం పూర్తిగా మానేశామని రుజువు చూపించాల్సినవాళ్ళకు ఈ మూత్ర పరీక్ష పెడతారు. అటువంటివాళ్ళు వేప్ జోలికి వెళ్ళకపోవడం మంచిది. రోడ్డు మీద ఊదించే పరీక్షకు దీంతో సంబంధం లేదు.

సరే, మీటరు లోపలికి వెళ్దాం. ట్రాఫిక్ పోలీసుల దగ్గర, ఆర్టీసీ డిపోల దగ్గర ఉండే చేతి మీటర్లలో మంచివన్నీ ఫ్యూయల్ సెల్ రకం. మీరు ఊదుతున్నప్పుడు చివరి గాలిలోంచి చిన్న పంపు సుమారు ఒక మి.లీ. నమూనా లాగుతుంది. అది ప్లాటినం పూత మీదికి చేరుతుంది. ఇథనాల్ అక్కడ ఆక్సీకరణం చెంది ఎసిటిక్ ఆమ్లంగా మారుతుంది, ఆ మార్పులో కరెంటు పుడుతుంది. ఎంత కరెంటు పుడితే అంత రీడింగ్. ఇథనాల్‌తో పాటు మిథనాల్‌కీ, శానిటైజర్లలో ఉండే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కీ ఈ సెల్ స్పందిస్తుంది. షుగర్ ఎక్కువైనవాళ్ళ ఊపిరిలో వచ్చే ఎసిటోన్‌కు మాత్రం స్పందించదు. అది దీని పెద్ద సుగుణం.

మరి ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్? రసాయన శాస్త్రం ప్రకారం అవీ ఆల్కహాల్ కుటుంబంలోవే. అందుకే చాలామంది పేరు చూసి కంగారుపడతారు. కానీ గ్లైకాల్ మరగాలంటే 188 డిగ్రీల వేడి కావాలి, గ్లిజరిన్‌కు 290. 34 డిగ్రీలుండే ఊపిరిలో అవి ఆవిరిగా ఉండేది నామమాత్రం. పొగ మబ్బు తేలిపోయాక వాటివల్ల రీడింగ్ రాదు. వాటి బెడద వేరే రకం. దమ్ము నోట్లో ఉండగానే మీటరులోకి ఊదితే ఆ జిగట తుంపరలు మౌత్‌పీస్ లోపల, గాలి దారిలో, కొంత సెల్ మీద అంటుకుంటాయి. తర్వాత వచ్చే నలుగురి రీడింగ్ మందగించవచ్చు, మీటరు సున్నాకు రావడానికి ఎక్కువసేపు పట్టవచ్చు. సిగరెట్ పొగ గానీ వేప్ పొగ గానీ మీటరులోకి ఊదనివ్వొద్దని తయారీదారులు చెప్పేది ఇందుకే.

చవక మీటర్లలో టిన్ ఆక్సైడ్ సెమీకండక్టర్ ఉంటుంది. అది వేడెక్కిన పలక మాత్రమే. మండే గుణమున్న ఏ ఆవిరి తగిలినా కదులుతుంది. సిగరెట్ పొగకూ కదులుతుంది, ఎసిటోన్‌కూ కదులుతుంది. దాని అంకె పట్టుకుని మనిషి ఉద్యోగం తేల్చడం అన్యాయం, అంతకంటే మెత్తగా చెప్పలేను. ఇక అమెరికాలో పోలీసు స్టేషన్లలో బల్ల మీద పెట్టే పెద్ద యంత్రాలు ఇన్‌ఫ్రారెడ్ కాంతితో పనిచేస్తాయి. ఇథనాల్ 3.4, 9.5 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర కాంతిని పీల్చుకుంటుంది. వాటిలో కొన్ని ఊపిరి వస్తున్నంతసేపూ ఆల్కహాల్ గ్రాఫు గీత ఎలా పోతుందో కూడా చూస్తాయి. ఊపిరితిత్తుల నుంచి వచ్చే ఆల్కహాల్ అయితే గీత మెల్లగా ఎక్కి నిలకడగా ఉంటుంది. నోట్లోది అయితే మొదట్లో ఎగిసి, ఊదుతుండగానే కిందికి జారుతుంది. ఆ జారుడు కనిపిస్తే యంత్రం నమూనాను తిరస్కరిస్తుంది. మన చేతి మీటర్లకు ఇంత తెలివి ఉంటుందని అనుకోవద్దు. వాటికి ఆ తెలివి ఊదించే మనిషే అందించాలి.

ఎలా అందించాలి? రెండు రీడింగుల మధ్య సమయంతో. తాగిన మనిషి రక్తంలో ఆల్కహాల్ గంటకు సుమారు 10 నుంచి 20 మి.గ్రా. చొప్పున తగ్గుతుంది. పదిహేను నిమిషాల్లో తగ్గేది రెండున్నర నుంచి అయిదు. మొదట 62 వచ్చి, పదిహేను నిమిషాల తర్వాత 59 వస్తే అది రక్తంలోంచి వచ్చింది. మొదట 62 వచ్చి పదిహేను నిమిషాల తర్వాత సున్నా వస్తే అది నోట్లోది. వేప్ కావచ్చు, మౌత్‌వాష్ కావచ్చు, హోమియో చుక్కలు కావచ్చు, దగ్గు మందు కావచ్చు, ఆస్తమా ఇన్హేలర్లలో ఆల్కహాల్ ఉన్న రకం కావచ్చు. ఏదైనా సరే రక్తంలోంచి రాలేదని తేలిపోయింది. ఇంకో సందర్భం ఉంది. ఇప్పుడే గ్లాసు దించి బండెక్కినవాడికి కడుపులోంచి రక్తంలోకి ఇంకా ఎక్కుతూ ఉంటుంది, వాడి రెండో రీడింగ్ మొదటిదాని కంటే పెరగొచ్చు కూడా. అందుకే ఆగడం వల్ల తాగినవాడు తప్పించుకుంటాడన్న భయం అక్కర్లేదు.

డిపో సిబ్బంది ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి పద్ధతి వరసగా చెబుతాను. మనిషి రాగానే మీటరు ఇవ్వకండి. "గత పావుగంటలో ఏమైనా తిన్నారా, తాగారా, సిగరెట్, వేప్, ఔషధం, మౌత్‌వాష్ ఏదైనా?" అని అడిగి జవాబు రిజిస్టరులో రాయండి. అవునంటే నీళ్ళిచ్చి పుక్కిలించమని చెప్పి, గడియారం చూసి 15 నిమిషాలు కూర్చోబెట్టండి. కూర్చున్నంతసేపూ మీ కళ్ళముందే ఉండాలి. జేబులోంచి పాడ్ తీసి ఇంకో దమ్ము లాగినా, త్రేన్చినా, వాంతి చేసుకున్నా లెక్క మళ్ళీ మొదటి నుంచి. పుక్కిలించడం ఒక్కటే సరిపోదు, గొంతు కింద ఉన్నది నీళ్ళకు అందదు. సమయమే పనిచేస్తుంది.

ఊదించే ముందు ఖాళీ గాలితో మీటరు సున్నా చూపిస్తోందో లేదో చూడండి. చాలామంది వదిలేసేది ఇదే. ముందు మనిషి 180 కొట్టి వెళ్ళాడనుకోండి, సెల్ తేరుకోవడానికి సమయం కావాలి. తేరుకోకముందే తర్వాతివాడు ఊదితే వాడికి పాత బాకీ అంటుకుంటుంది. చేతులకు శానిటైజర్ రాసుకుని, అది ఆరకుండా మీటరు పట్టుకున్నా ఇదే కథ. మూసి ఉన్న జీపులో కూర్చుని ఊదిస్తే, పక్క సీట్లో ఎవరైనా వేప్ పీలుస్తుంటే, అదీ ఇబ్బందే. బయట గాలిలో ఊదించండి. ప్రతి మనిషికీ కొత్త మౌత్‌పీస్ వాడండి, దాని సంచి వాళ్ళ ముందే చింపండి. ఒకే బిగిన నాలుగైదు సెకన్లు, మీటరు బీప్ ఆగేదాకా ఊదమనండి. కొంచెం ఊది ఆపేస్తే వచ్చేది నోటి గాలే, లోపలి గాలి కాదు.

కొన్ని మీటర్లలో మౌత్‌పీస్ లేకుండా దూరం నుంచి ఊదించే పద్ధతి కూడా ఉంది. జనాన్ని త్వరగా వడపోయడానికి అది పనికొస్తుంది. దాని ఫలితం "ఉంది, లేదు" అన్నంతవరకే. దాన్ని రికార్డులో అంకెగా రాయకూడదు.

రీడింగ్ వస్తే ఏం చేస్తున్నాం? చాలాచోట్ల వెంటనే "మళ్ళీ ఊదు" అంటారు. అర నిమిషంలో రెండోసారి, మూడోసారి. మూడూ దగ్గరదగ్గరగా వస్తే నిర్ధారణ అయిపోయిందనుకుంటారు. నోట్లోది నోట్లోనే ఉన్నప్పుడు మూడుసార్లు ఊదించినా ఒకే తప్పు మూడుసార్లు నమోదవుతుంది. మొదటి రీడింగ్ రాసుకోండి, సమయం వేయండి, 15 నిమిషాలు ఆగండి, రెండోది రాయండి. రెండు కాగితాలూ జతచేయండి. పౌర విమానయాన శాఖ డీజీసీఏ నిబంధనల్లో కూడా పైలట్లకు పాజిటివ్ వస్తే 15 నుంచి 20 నిమిషాలు ఆగి మళ్ళీ పరీక్షించే పద్ధతి ఉంది. పైలట్లు ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్, టూత్ జెల్ వాడకూడదని 2023లో స్పష్టంగానే చెప్పారు. వాళ్ళకు పరిమితి 30 కాదు, సున్నా. సున్నా పెట్టినచోట నోటి మిగుళ్ళ గొడవ ఎక్కువ, ఎందుకంటే 4 వచ్చినా పాజిటివే.

ఈ సున్నా గొడవ కేరళలో రెండుసార్లు వార్తల్లోకి ఎక్కింది. 2025 ఫిబ్రవరిలో రైల్వే తిరువనంతపురం డివిజన్‌లో లోకో పైలట్లు, అంటే రైలు నడిపేవాళ్ళు, డ్యూటీకి ముందు కొబ్బరి నీళ్ళు, కొన్ని రకాల అరటిపళ్ళు, దగ్గు మందులు, కూల్ డ్రింకులు తీసుకోవద్దని ఉత్తర్వు ఇచ్చారు. అందరూ తప్పుపట్టాక వెనక్కి తీసుకున్నారు. అదే ఏడాది జులైలో పందళం ఆర్టీసీ డిపోలో పనసతొనలు తిన్న డ్రైవర్లకు రీడింగ్ వచ్చింది. బాగా ముగ్గిన పండు కొంచెం పులుస్తుంది, నోట్లో ఆ ఆల్కహాల్ ఉంటుంది, అంతే. పనసపండును నిషేధించడం కంటే పావుగంట కుర్చీ వేయడం చవక.

(శ్రోతల్లోంచి ప్రశ్న: రోడ్డు మీద పట్టుకుంటే పదిహేను నిమిషాలు ఆగమని అడిగే హక్కు మనకుందా?)

మోటారు వాహనాల చట్టం 203వ సెక్షన్ బ్రీత్ టెస్టును వీలైనంత త్వరగా చేయాలంటుంది. నిమిషాల లెక్క అందులో లేదు. కాబట్టి మర్యాదగా అడగండి: "సార్, ఇప్పుడే దగ్గు మందు వేసుకున్నాను, లేదా వేప్ పీల్చాను, నీళ్ళు తాగి పావుగంట ఆగి ఊదుతాను, మీ ముందే కూర్చుంటాను." ఊదనని మాత్రం మొరాయించకండి. సరైన కారణం లేకుండా నిరాకరిస్తే, 205వ సెక్షన్ కింద అది ప్రాసిక్యూషన్ సాక్ష్యానికి బలమిచ్చే పరిస్థితిగా కోర్టు తీసుకోవచ్చు. మొదట ఊదించి రీడింగ్ వచ్చేస్తే రెండో పరీక్ష అడగండి, రక్త పరీక్ష అడగండి. రక్త నమూనా సంగతి 204వ సెక్షన్‌లో ఉంది. తాగి నడిపే నేరానికి సంబంధించిన 185వ సెక్షన్ కింద అరెస్టు చేస్తే రెండు గంటల్లోపు వైద్య పరీక్ష జరగాలని, లేకపోతే విడిచిపెట్టాలని 202 చెబుతుంది. ఆలస్యం చేస్తే నష్టం మీకే. నాలుగు గంటల తర్వాత తీసిన రక్తంలో ఏమీ లేదంటే, అప్పటికి దిగిపోయిందంటారు.

శిక్ష సంగతి మీకు తెలిసిందే. మొదటిసారి ఆరు నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల జరిమానా లేదా రెండూ. మళ్ళీ దొరికితే రెండేళ్ళ వరకు, 15,000.

కోర్టుల మాట కూడా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ సగం సగం వినికిడి ఎక్కువ. వాసన వచ్చింది, తూలాడు, కళ్ళు అలా ఉన్నాయి అన్నంత మాత్రాన తాగినట్టు రుజువు కాదని సుప్రీంకోర్టు 1971లో ఒక మహారాష్ట్ర కేసులో చెప్పింది. అది 1988 నాటి ప్రస్తుత చట్టానికి ముందు మాట. ఇప్పటి 185వ సెక్షన్ బ్రీత్ ఎనలైజర్ రీడింగ్‌నే నేరానికి కొలమానంగా ఒప్పుకుంటుంది. అందుచేత రోడ్డు మీద కేసుకు 1971 తీర్పు తీసుకొచ్చి గట్టెక్కుతాం అనుకోవద్దు. శాఖాపరమైన చర్యల విషయం వేరు. 2025లో తెలంగాణ హైకోర్టు, ఉద్యోగం పోయిన ఒక ఆర్టీసీ డ్రైవర్ కేసులో, రక్త పరీక్ష వంటి వేరే ఆధారం లేకుండా బ్రీత్ ఎనలైజర్ ఫలితం ఒక్కదాన్నే తుది రుజువుగా తీసుకోలేమని చెప్పి, తొలగింపు ఉత్తర్వును కొట్టేసింది. ఆయన చెప్పిన కారణం వేప్ కాదు, హోమియో మందు. లోపల జరిగే సంగతి మాత్రం ఒకటే.

ఇక మన దేశంలో వేప్‌కు ఉన్న ప్రత్యేకమైన చిక్కు. 2019 చట్టంతో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నిషేధం. నిల్వకు శిక్ష ఇంతకంటే తక్కువ, మిగతావాటికి మొదటి నేరానికే ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ. పీల్చినవాడిని శిక్షించే మాట అందులో లేదు గానీ, దొరికేదంతా దొంగ సరుకే. దొంగ సరుకు మీద ఉన్న లేబుల్‌ను ఎవరు నమ్ముతారు? దాంట్లో ఇథనాల్ ఒక శాతమో ఇరవయ్యో పీల్చేవాడికే తెలియదు. హోమియో సీసా అయితే తీసుకొచ్చి చూపించొచ్చు, డాక్టరు చీటీ చూపించొచ్చు. వేప్ చూపిస్తే, ఎక్కడ కొన్నావన్న ఇంకో ప్రశ్న మొదలవుతుంది. సాకుగా కూడా ఇది బలహీనమైనదే.

అమెరికాలో ఉన్న మన పిల్లల సంగతి కొందరు తల్లిదండ్రులు ముందే అడిగారు. అక్కడ రోడ్డు పక్కన ఊదించేది ప్రాథమిక పరీక్ష. కేసుకు పనికొచ్చే అంకె స్టేషన్‌లోని పెద్ద యంత్రం ఇస్తుంది. దానికి ముందు కాలిఫోర్నియాలో 15 నిమిషాలు, న్యూజెర్సీలో 20 నిమిషాలు మనిషిని కనిపెట్టుకుని ఉండాలి. ఆ సమయంలో నోట్లో ఏదీ పెట్టుకోకూడదు. కనుక అక్కడ స్టేషన్ రీడింగ్‌ను వేప్ మీదికి నెట్టడం దాదాపు కుదరదు. అసలు ఇబ్బంది ఇంటర్‌లాక్ ఉన్నవాళ్ళకు. తాగి నడిపి దొరికినవాళ్ళ కారుకు కోర్టు ఉత్తర్వుతో బిగించే మీటరు అది. ఊది పాసైతేనే బండి స్టార్ట్ అవుతుంది, నడుపుతుండగా మధ్యలో మళ్ళీ ఊదమంటుంది. అక్కడ పక్కన కనిపెట్టే పోలీసు ఉండడు. సిగ్నల్ దగ్గర ఒక దమ్ము లాగి, వెంటనే బీప్ వస్తే ఊదాలి. ఫెయిల్ అని రికార్డు అవుతుంది, ఆ రికార్డు అధికారులకు చేరుతుంది. ఆ కారులో వేప్ అసలు పెట్టుకోకూడదు. పొరపాటున ఫెయిలైతే నోరు పుక్కిలించి, అది మళ్ళీ ఊదమన్నప్పుడు ఊది పాసవ్వాలి. ఆ రెండో రీడింగే మీకు సాక్ష్యం.

(ప్రశ్న: పుదీనా వేప్ పీలిస్తే మందు వాసన పోతుంది కదా, మీటరు మోసపోదా?)

వాసన పోతుంది, మీటరు మోసపోదు. దానికి ముక్కు లేదు. పుదీనా, సోంపు, కిళ్ళీ, ఉల్లిపాయ, కాఫీ గింజలు ఏవీ ఊపిరితిత్తుల్లోంచి వచ్చే ఆల్కహాల్‌ను తగ్గించవు. పైగా ఆ పుదీనా లిక్విడ్‌లో ఇథనాల్ ఉంటే 40 రావాల్సినచోట 70 రావచ్చు.

(ప్రశ్న: ఆన్‌లైన్‌లో దొరికే చిన్న మీటరు కొనుక్కుని ఇంట్లోనే చూసుకుంటే?)

కొనేముందు ఫ్యూయల్ సెల్ అని రాసి ఉందో లేదో చూడండి. సెమీకండక్టర్ అయితే ఆటవస్తువు కింద లెక్క. ఫ్యూయల్ సెల్ అయినా ఏడాదికి ఒకటి రెండుసార్లు తెలిసిన గాఢత ఉన్న గ్యాస్‌తో కాలిబ్రేషన్, అంటే అంకె సరిగ్గా వస్తోందో లేదో సరిచూడటం, చేయించాలి. సెల్ పాతబడేకొద్దీ తక్కువ చూపిస్తుంది, మీరు ధైర్యంగా బయల్దేరతారు. పార్టీలో ఆఖరి గ్లాసు దించిన వెంటనే చూస్తే నోట్లోదీ కలిసి ఎక్కువ చూపిస్తుంది. పావుగంట ఆగి చూస్తే 24 వచ్చి, ఇంటికి చేరేలోపు రక్తంలో 35 కావొచ్చు, కడుపులో ఉన్నది ఇంకా ఎక్కుతుంది కాబట్టి. ఆ 24 చూసి తాళంచెవి తీసుకోవద్దు. వేప్ పీల్చేవాళ్ళు మీటరును, పరికరాన్ని ఒకే జేబులో పెట్టుకోకండి. లిక్విడ్ కారే పాడ్ పక్కన ఉంటే మౌత్‌పీస్‌కు అంటుకుని, ఖాళీ గాలికే అంకె చూపిస్తుంది.